ఊగే ఇంజిన్‌కూ ఒక లయ ఉంటుంది

అసలు స్టార్టే కాని కారులో లోపం పట్టుకోవడం తేలిక. ప్లగ్గులో స్పార్క్ వస్తోందా, కార్బ్యురేటర్‌కు పెట్రోలు అందుతోందా అని చూస్తే సగం పని అయిపోయినట్టే. తిప్పలు పెట్టేది నడుస్తూనే నిలకడ లేని ఇంజిన్. సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి ఎక్సలేటర్ మీంచి కాలు తీయగానే రేసు దానంతటదే పెరుగుతుంది, ఇక ఆగిపోతుందేమో అన్నంత కిందికి పడుతుంది, మళ్లీ లేస్తుంది. రోడ్డు మీద కాస్త వేగం అందుకుంటే మాత్రం ఏ జబ్బూ లేనట్టు పరుగెడుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల రేసు స్క్రూ అర చుట్టు బిగించి పంపేస్తారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ మొదలు.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్ల సెల్లార్లలో కవరు కప్పుకుని ఉండే పాత కార్ల కష్టం ఇదే. నాన్న ఉద్యోగంలో ఉండగా కొన్న ప్రీమియర్ పద్మిని, తాతగారి ఊరి నుంచి తెచ్చిన అంబాసిడర్, ఇంట్లో మొదటి కారుగా అడుగుపెట్టిన మారుతీ 800. వారమంతా కదలవు, ఆదివారం పొద్దున ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లొస్తాయి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించే నాటికి అంబాసిడర్ ఇంకా ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వస్తూనే ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో దాని ఉత్పత్తి ఆగిపోయింది 2014 మేలో. అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్న 1489 సీసీ ఇంజిన్, పద్మినిలోని 1089 సీసీ ఇంజిన్, తొలినాళ్ల మారుతీ 800లోని 796 సీసీ ఇంజిన్, మూడూ కార్బ్యురేటర్ మీద నడిచేవే. ఐడ్లింగ్‌ను కనిపెట్టుకుని సరిచేసే కంప్యూటర్ వాటిలో లేదు. ఇప్పటి కారులో ఆ పని ఒక సెన్సరు, ఒక చిన్న మోటారు, కొన్ని వేల వరుసల కోడ్ కలిసి చేస్తాయి. హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రం 2006 నుంచి, జడ్‌ఎఫ్ టెక్నాలజీ సెంటర్ 2017 నుంచి నడుస్తున్న నగరం ఇది. కార్ల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నారు. పాత కారులో ఆ కోడ్ చేసే పనంతా ఇనుము, ఇత్తడి, స్ప్రింగులు, గాలి కలిసి చేసేవి. ఎలా చేసేవో తెలిస్తే ఎక్కడ తప్పాయో పట్టుకోవచ్చు.

ఈ జబ్బుకు పనిముట్ల పెట్టె కంటే ముందు కావలసినవి మంచి చెవి, సెకన్ల ముల్లున్న గడియారం. రేసు ఎంత ఎత్తుకు లేస్తోంది, ఎంత కిందికి పడుతోంది అన్నది అంత ముఖ్యం కాదు. ఎంతసేపటికి ఒకసారి ఊగుతోంది అన్నదే లోపం ఎక్కడుందో చెబుతుంది.

నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 700 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 350 సార్లు, సెకనుకు దాదాపు 6 సార్లు. నాలుగూ కలిపితే సెకనుకు 23. ఒక ప్లగ్గు పనిచేయకపోయినా, ఒక వాల్వ్ సరిగ్గా కూర్చోకపోయినా తప్పిపోయేవి ఆ ఆరు దెబ్బలు. అప్పుడు గేర్ రాడ్డు, స్టీరింగ్ వణుకుతాయి. సైలెన్సర్ గొట్టం ముందు అరచేయి పెడితే గాలి తోపుల మధ్య క్రమం తప్పకుండా ఒక ఖాళీ తగులుతుంది. సెకనుకు ఆరుసార్లు వచ్చేదాన్ని మనిషి లెక్కపెట్టలేడు, వణుకుగానే తెలుస్తుంది. దీన్ని మెకానిక్‌లు మిస్సింగ్ అంటారు. ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే తీసి చూస్తే, ఏ వైరు తీసినప్పుడు రేసు పడిపోదో ఆ సిలిండర్‌దే తప్పు. ఈ పరీక్షకు మందపాటి రబ్బరు పిడి ఉన్న ప్లయర్ కావాలి, వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

రేసు లేవడం, పడడం మనం ఒకటి, రెండు అని లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా, సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి జరుగుతోందంటే అది ఒక్క సిలిండర్ పని కాదు. అలాంటప్పుడు ప్లగ్గులు మార్చి డబ్బు తగలేయడం అనవసరం. ఇంజిన్ మొత్తం ఏదో ఒక చక్రంలో చిక్కుకుంటేనే అంత నిదానమైన లయ పుడుతుంది. అసలు లయే లేకుండా, ఎప్పుడు పడితే అప్పుడు దగ్గినట్టు పడిపోతుంటే వదులైన వైరు, అరిగిన పాయింట్లు, ట్యాంకులోంచి వచ్చిన చెత్త లాంటివి చూడాలి. చెవి మీద నమ్మకం లేకపోతే ఫోన్‌లో అర నిమిషం శబ్దం రికార్డు చేసి, దాన్ని తరంగంగా చూపే యాప్‌లో తెరవండి. మెరకలు సమాన దూరంలో ఉన్నాయో లేదో కళ్లకే కనిపిస్తుంది. ఐటీ ఉద్యోగి చేతిలో ఉన్న ఈ సదుపాయం యాభై ఏళ్ల కిందటి మెకానిక్‌కు లేదు. వాడుకోవాలి.

ఆ నెమ్మదైన ఊపు ఎందుకు పుడుతుందో తెలుసుకునే ముందు, అసలు బాగున్న ఇంజిన్ ఎందుకు ఊగదో చూడాలి. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా అందంగా తోచేది అదే.

ఐడ్లింగ్‌లో కార్బ్యురేటర్ లోపలి థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది. సన్నని సందులోంచి గాలి మ్యానిఫోల్డ్‌లోకి దూరుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ బయటి గాలి పీడనం పాదరసం లెక్కలో సుమారు 28 అంగుళాలు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ మ్యానిఫోల్డ్‌లో 17 అంగుళాల వ్యాక్యూమ్ చూపిస్తే లోపల మిగిలే పీడనం 11 అంగుళాలు, అంటే బయటిదాంట్లో 40 శాతం. భౌతికశాస్త్రం ప్రకారం లోపలి పీడనం బయటిదాంట్లో 53 శాతం కంటే తక్కువకు పడితే ఆ సందులో గాలి శబ్దవేగాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి లోపల ఎంత గట్టిగా లాగినా సెకనుకు దూరే గాలి పెరగదు. ఇల్లు దాటని పద్మిని కూడా తన థ్రాటిల్ అంచున గాలిని శబ్దవేగంతో నడిపిస్తోందన్నమాట.

దీనివల్ల ఒక గొప్ప మేలు జరుగుతుంది. సెకనుకు వచ్చే గాలి మారదు కాబట్టి, రేసు కాస్త తగ్గితే ఒక్కో పిస్టన్ దిగినప్పుడల్లా దాని వాటాకు ఎక్కువ గాలి వస్తుంది. మంట బలపడి రేసు లేస్తుంది. రేసు పెరిగితే ఒక్కో వాటా చిన్నదై మంట బలహీనపడుతుంది, రేసు తగ్గుతుంది. ఎవరూ పట్టించుకోకపోయినా ఇంజిన్ తనను తానే కాచుకుంటుంది.

ఈ కాపలాకు రెండు షరతులు. దిద్దుబాటు వెంటనే అందాలి, దానికి తగ్గంత పెట్రోలూ అందాలి. తేడా వచ్చేది ఇక్కడే. గాలి తేలిగ్గా కదులుతుంది, పెట్రోలు కదలదు. కార్బ్యురేటర్ నుంచి వచ్చిన పెట్రోలులో కొంత ఆవిరై గాలితో వెళ్తే, కొంత మ్యానిఫోల్డ్ గోడకు పలుచని తడిపొరలా అంటుకుంటుంది. వ్యాక్యూమ్ పెరిగితే ఆ తడి గబగబా ఆవిరై మిశ్రమం చిక్కనవుతుంది, మంట బాగా మండి రేసు ఇంకా పెరుగుతుంది. కాసేపటికి ఆ పొర అయిపోతుంది. అప్పుడు మిశ్రమం పలచబడి రేసు పడుతుంది, వ్యాక్యూమ్ తగ్గుతుంది, వచ్చే పెట్రోలు మళ్లీ గోడను తడపడానికే పోతుంది. గోడ తడిసి నిండాక కథ మొదటికొస్తుంది.

మిశ్రమం సరిగ్గా ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గులు బయటికి తెలియవు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇంజిన్‌కు అత్యధిక బలం వచ్చేది అంతకంటే కాస్త చిక్కగా, 12.5 నుంచి 13 పాళ్ల దగ్గర. అక్కడ మిశ్రమం కొద్దిగా అటూఇటూ అయినా బలం పెద్దగా మారదు. పలచటి వైపు జరిగేకొద్దీ మాత్రం బలం నిటారుగా పడిపోతుంది. మంట నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు అంటుకోనే అంటుకోదు. గోడ మీది తడి చేసే చిన్న తేడా అక్కడ పెద్ద ఊపుగా బయటపడుతుంది. అందుకే సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి ఊగే కారులో నేను మొదట అనుమానించేది పలచటి మిశ్రమాన్నే. పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ వేడెక్కాక చోక్ కొద్దిగా లాగండి. ఊపు తగ్గి ఐడ్లింగ్ కుదుటపడితే పెట్రోలు తక్కువ అందుతోందనో, లెక్కలో లేని గాలి ఎక్కడో దూరుతోందనో అర్థం. చోక్ లాగగానే ఇంకా పాడై, సైలెన్సర్ నుంచి నల్లటి పొగ వస్తే మిశ్రమం అప్పటికే చిక్కగా ఉంది.

దిద్దుబాటు ఆలస్యమైతే ఊపు పుడుతుందన్నది కార్లకే పరిమితమైన సంగతి కాదు. జేమ్స్ వాట్ 1788లో ఆవిరి ఇంజిన్‌కు తిరిగే గుండ్ల గవర్నర్ బిగించాడు. వేగం పెరిగితే గుండ్లు విచ్చుకుని ఆవిరి కవాటాన్ని మూస్తాయి. తర్వాతి కాలంలో గవర్నర్లున్న యంత్రాలే పిచ్చిగా ఊగడం మొదలుపెట్టాయి. గ్రీనిచ్ ఖగోళ పరిశోధకుడు జార్జ్ ఎయిరీ టెలిస్కోపును తిప్పే యంత్రంలో ఇదే జబ్బు చూసి 1840లో దాని గురించి రాశాడు. ఏ గవర్నర్ కుదురుకుంటుంది, ఏది ఊగుతుంది అన్నది సమీకరణాలతో తేల్చింది జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, 1868లో. నియంత్రణ శాస్త్రానికి పునాది ఆ వ్యాసమే. రాయదుర్గం ఆఫీసుల్లో క్లౌడ్ సర్వర్లు చూసుకునేవారికి ఇది రోజూ ఎదురయ్యేదే. రద్దీ పెరిగిందని సిస్టమ్ కొత్త సర్వర్లు తెరుస్తుంది, అవి లేచి నిలబడేలోగా రద్దీ తగ్గిపోతుంది, అన్నీ మూసేస్తుంది, ఇంతలో రద్దీ మళ్లీ పెరుగుతుంది. ఆ గ్రాఫ్‌నూ, ఊగుతున్న అంబాసిడర్ రేసు గ్రాఫ్‌నూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం.

వాట్ గవర్నర్ వారసత్వాన్ని పాతబస్తీలోనే చూడొచ్చు. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, ఊరేగింపుల కోసం సింహాసనం లాంటి ఆసనంతో కట్టించిన పసుపుపచ్చ కారు. ఆ తరం సిల్వర్ ఘోస్ట్‌లకు స్టీరింగ్ మీదే గవర్నర్ మీట ఉండేది. జనం మధ్య నడక వేగంతో కదలాల్సిన కారుకు అంతకన్నా అవసరమైన సదుపాయం ఇంకేముంటుంది?

మామూలు పాత కారులో కూడా తిరిగే గుండ్లు ఉంటాయి, కానీ డిస్ట్రిబ్యూటర్ లోపల. వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని స్పార్క్‌ను ముందుకు జరుపుతాయి, పెద్ద వేగాల దగ్గర మంటకు సమయం చాలాలి కాబట్టి. జాగ్రత్తగా చూస్తే ఇవి వాట్ గుండ్లకు ఉల్టా పని చేస్తున్నాయి. వాట్ గుండ్లు పెరిగే వేగాన్ని అణచివేస్తాయి. ఇవి పెరిగే వేగానికి ఊతమిస్తాయి, ఎందుకంటే ఐడ్లింగ్‌లో స్పార్క్ ముందుకు జరిగితే రేసు ఇంకా పెరుగుతుంది. అందుకే తయారీదారు ఐడ్లింగ్ దగ్గర గుండ్లు కదలకుండా చిన్న స్ప్రింగులతో పట్టి ఉంచుతాడు. నలభై ఏళ్ల తర్వాత ఆ స్ప్రింగు సాగిపోతే, కొక్కెం ఊడిపోతే గుండ్లు ఐడ్లింగ్‌లోనే విచ్చుకుంటాయి. రేసు లేస్తుంది, స్పార్క్ ముందుకు జరుగుతుంది, రేసు ఇంకా లేస్తుంది. చివరికి గాలి వాటా తగ్గి కిందికి పడుతుంది. టైమింగ్ లైట్ వేసి పుల్లీ మీది గుర్తును చూస్తే, రేసుతోపాటు ఆ గుర్తు కూడా ముందుకీ వెనక్కీ ఊగుతూ కనిపిస్తుంది. అలా ఊగితే కార్బ్యురేటర్ విప్పాల్సిన పని లేదు. గుర్తు క్రమం లేకుండా చెదిరినట్టు కనిపిస్తే డిస్ట్రిబ్యూటర్ ఇరుసు బుష్‌లు అరిగాయి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య ఉండాల్సిన సందు 0.014 నుంచి 0.016 అంగుళం. ఇరుసే ఊగుతుంటే ఆ సందు ఒక్కో సిలిండర్‌కు ఒక్కోలా ఉంటుంది, ఎన్నిసార్లు సరిచేసినా నిలవదు.

రేసు స్క్రూ బిగించి పంపేయడం ఎందుకు మంచిది కాదో ఇప్పుడు చెప్పుకోవచ్చు. చాలా పాత కార్లలో డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం రంధ్రం థ్రాటిల్ పలక అంచుకు కొంచెం పైన ఉంటుంది, ఐడ్లింగ్‌లో దానికి వ్యాక్యూమ్ తగలకూడదని. స్క్రూ బిగిస్తే పలక తెరుచుకుని ఆ రంధ్రం బయటపడుతుంది. స్పార్క్ ముందుకు జరుగుతుంది. మొదటి లోపం అలాగే ఉండగా దాని పక్కన రెండోది చేరుతుంది. దాచిపెట్టిన లోపం కంటే బయటపడ్డ లోపమే మేలని నా అభిప్రాయం. అందుకే ఏ పరీక్ష మొదలుపెట్టినా ముందు ఆ స్క్రూను వెనక్కి తిప్పి, ఇంజిన్ ఆగిపోనంత మేరకు మాత్రమే ఉంచాలి.

ఇక గాలి లీకు. పాత కార్లలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికేది ఇదే. కార్బ్యురేటర్ కింది ప్యాకింగ్, మ్యానిఫోల్డ్ ప్యాకింగ్, పగిలిన రబ్బరు గొట్టం, అరిగిపోయిన థ్రాటిల్ ఇరుసు, వీటిలో ఎక్కడైనా రెండు మిల్లీమీటర్ల రంధ్రం పడిందనుకోండి. శబ్దవేగం లెక్క దీనికీ వర్తిస్తుంది కాబట్టి దాన్లోంచి నిమిషానికి సుమారు 30 లీటర్ల గాలి దూరుతుంది. అంబాసిడర్ ఇంజిన్ ఐడ్లింగ్‌లో తాగే గాలి మొత్తం నిమిషానికి ఇంచుమించు 180 లీటర్లు. అంటే ఆరో వంతు గాలి పెట్రోలు వెంట లేకుండా వస్తోంది. మిశ్రమం పలచబడక ఏమవుతుంది? అదే ఇంజిన్ 3000 చుట్ల దగ్గర వెయ్యి లీటర్లకు పైగా తాగుతుంది, అందులో 30 లీటర్లు లెక్కలోకి రావు. రోడ్డెక్కితే జబ్బు మాయమైపోవడానికి కారణం ఇదే.

లీకు వెతకడానికి పెట్రోలు, కార్బ్యురేటర్ క్లీనర్ చల్లే అలవాటు షెడ్డుల్లో ఉంది. వద్దనే చెబుతాను. అంబాసిడర్ ఇంజిన్‌లో గాలి లోపలికి వెళ్లే మ్యానిఫోల్డ్, పొగ బయటికి వచ్చే మ్యానిఫోల్డ్ రెండూ ఒకే పక్కన, ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కాలుతున్న ఇనుము మీద మండే ద్రవం చల్లడం ప్రమాదం. సబ్బునీళ్లు చాలు. ఒక్కో అతుకు మీద కొద్దికొద్దిగా పోస్తూ రేసు వినండి, ఎక్కడ పోసినప్పుడు శబ్దం మారితే లీకు అక్కడుంది. రబ్బరు గొట్టాలను ఒక్కొక్కటే వేళ్లతో నొక్కిపట్టి చూడండి. థ్రాటిల్ ఇరుసును పైకీ కిందికీ కదిపితే రేసు మారిందా, బుష్ పోయింది.

వ్యాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కుంటే చాలా అనుమానాలు తీరతాయి. ముల్లు నాలుగైదు అంగుళాల మేర నిదానంగా ఊగితే మిశ్రమం లోపం. నిలకడగానే ఉంటూ బాగా తక్కువ చూపిస్తే గాలి లీకో, స్పార్క్ వెనకబడడమో. క్రమం తప్పకుండా టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వ్ కాలింది. ఒక్క జాగ్రత్త. పుస్తకాల్లో ఉండే 18 నుంచి 20 అంగుళాలు సముద్రతీరం లెక్క. ఎత్తు వెయ్యి అడుగులు పెరిగితే ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్‌లో 16 నుంచి 18 చూపించే ఇంజిన్ నిక్షేపంగా ఉన్నట్టే.

ఈ మధ్య ఈ జబ్బుకు కొత్త కారణం ఒకటి చేరింది, పెట్రోలు మారింది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దేశమంతటా బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే. అందువల్ల ఈ20 మండడానికి 14.7 కాదు, సుమారు 13.5 పాళ్ల గాలి చాలు. ఇప్పటి కారులో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా పసిగట్టి పెట్రోలు పెంచుతుంది. 1970లలో జెట్టు సైజు నిర్ణయించిన కార్బ్యురేటర్‌కు ఆ సంగతి తెలియదు, పాత కొలతే పోస్తుంది. మిశ్రమం దాదాపు 8 శాతం పలచబడుతుంది. మన ఊరి ఎత్తు వల్ల గాలి పలచనై, అందులో 3 శాతం దాకా వెనక్కి వస్తుంది. మిగిలినది ఊగిసలాటకు చాలు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కదిపి జెట్లలోకి తోస్తుంది. వారాల తరబడి సెల్లార్‌లో ఉండే కారుకు ఇది మరీ చేటు. గొట్టాలు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించడం, ట్యాంకుకూ పంపుకూ మధ్య ఫిల్టర్ పెట్టడం ఏ ట్యూనింగ్ కన్నా ముందు జరగాలి.

వేడి సంగతి వేరు. మే నెల మధ్యాహ్నం బయోడైవర్సిటీ జంక్షన్‌లో పావుగంట ఇరుక్కుంటే బోనెట్ కింద గాలి కదలదు, కార్బ్యురేటర్ గిన్నెలో, పంపు గొట్టంలో పెట్రోలు బుడగలు కడుతుంది. అప్పుడు కనిపించే ఊపు నిమిషాల్లో పెరుగుతూ వచ్చి, కారు కదిలి గాలి తగిలాక తగ్గిపోతుంది. దీనికి కార్బ్యురేటర్ తిప్పి లాభం లేదు. పెట్రోలు గొట్టాన్ని వేడి మ్యానిఫోల్డ్‌కు దూరంగా జరపడం, కార్బ్యురేటర్ కింద వేడిని ఆపే మందపాటి ప్యాకింగ్, రేకు తిరిగి బిగించడం అవసరం. పాత రిపేర్లలో ఊడిపోయిన ఆ రేకును మళ్లీ బిగించనే లేదన్న సంగతి చాలామంది గమనించరు.

ట్యాపెట్లు, పాయింట్లు, టైమింగ్, లీకులు అన్నీ చూశాకే కార్బ్యురేటర్ జోలికి వెళ్లాలి. చాలా అంబాసిడర్లలో ఉండే ఎస్‌యూ రకంలో మిశ్రమం తెలుసుకోవడానికి చక్కటి పద్ధతి ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఎయిర్ ఫిల్టర్ తీసి, లోపలి పిస్టన్‌ను సన్నని స్క్రూడ్రైవర్ మొనతో ఒక మిల్లీమీటర్ కన్నా తక్కువ ఎత్తండి. రేసు పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కగా ఉంది. వెంటనే పడిపోయి ఆగబోతే పలచగా ఉంది. ఒక్క క్షణం పెరిగి మళ్లీ మామూలుకొస్తే సరిగ్గా ఉంది. జెట్టు కింద ఆరు పలకల నట్టు ఉంటుంది. కిందికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఒకసారికి ఒక పలక మాత్రమే తిప్పి, కాస్త ఆగి, మళ్లీ పిస్టన్ ఎత్తి చూడాలి. ఈ20 పోసిన కారుకు పాత సెట్టింగ్ కన్నా ఒకటి రెండు పలకలు కిందికి రావడం మామూలే. పిస్టన్ మీది గొట్టంలో నూనె ఉందో లేదో కూడా చూడండి. అది ఎండిపోతే ఎక్సలేటర్ నొక్కినప్పుడల్లా ఇంజిన్ తడబడుతుంది. పద్మినిలోని సోలెక్స్‌లో ఈ పిస్టన్ ఉండదు. అక్కడ ఐడ్లింగ్‌కు విడిగా ఉన్న సన్నని జెట్టును విప్పి, తీగ పెట్టి పొడవకుండా గాలి కొట్టి శుభ్రం చేసి, ఆ తర్వాతే మిశ్రమం స్క్రూను అర చుట్టు చొప్పున తిప్పాలి. ఇంత అయ్యాక రేసు స్క్రూతో ఐడ్లింగ్ వేగం పెట్టి, పది కిలోమీటర్లు నడిపి, ప్లగ్గులు విప్పి చూడండి. మొనల దగ్గరి పింగాణీ లేత గోధుమరంగులో ఉంటే ట్యూనింగ్ కుదిరింది. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే నట్టు ఇంకో పలక కిందికి రావాలి.